మీకు తెలుసా? అణు సరుకంతా మనదే, కరెంటిచ్చే రియాక్టరే లేదు

● అనకాపల్లికి ఈశాన్యంగా దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలో, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో కొవ్వాడ ఉంది. ఆ సముద్రపు ఒడ్డున ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలని ప్రణాళిక. మొత్తం 7,248 మెగావాట్లు. అనకాపల్లి జిల్లా పరవాడలోని ఎన్టీపీసీ సింహాద్రి సామర్థ్యం 2,000 మెగావాట్లే. ఇక 2024లో దేశంలోని అణు కేంద్రాలన్నీ కలిపినా 8,180 మెగావాట్లు!

● ఈ ప్రాజెక్టుకు పెళ్లిచూపులు చాలాసార్లే అయ్యాయి. 2008లో అమెరికాతో అణు ఒప్పందం కుదిరాక, కొవ్వాడను మొదట జీఈ-హిటాచీకి అనుకున్నారు. తర్వాత గుజరాత్‌లోని మీఠీ విర్దీలో జనం ఎదురుతిరగడంతో అక్కడికి రావలసిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఇటు మళ్లాయి. 2016 జూన్‌లో మోదీ, ఒబామా సంయుక్త ప్రకటనలో ఈ ఆరు రియాక్టర్ల ప్రస్తావన వచ్చింది. మరుసటి ఏడాది మార్చిలోనే వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. కంపెనీ చేతులు మారి తేరుకుంది గానీ, కొవ్వాడలో వల వేసి బతికే కుటుంబాలకు ఊళ్లో ఉంటామో, ఊరు ఖాళీ చేస్తామో ఏళ్ల తరబడి తేలలేదు. లాభనష్టాల లెక్కలు వేసేవారు ఈ ఎదురుచూపును ఏ పద్దు కింద రాస్తారో మరి.

● కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. భీమిలి వైపు ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం. మోనజైట్ నిల్వల్లో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. మణుగూరులో భారజలం తయారవుతుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971 నుంచి దేశంలోని రియాక్టర్లకు ఇంధనం కట్టలు కట్టి పంపుతోంది. ఇన్ని ఉన్నా రెండు తెలుగు రాష్ట్రాల్లో కరెంటిచ్చే అణు రియాక్టరు ఒక్కటీ లేదు. చిత్రమేమిటంటే, కొవ్వాడకు అనుకుంటున్న వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రకానికి భారజలం అక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు. సహజ యురేనియం పనికిరాదు, మండే భాగాన్ని పెంచిన యురేనియమే కావాలి. సరుకున్న ఇంటికి, ఆ సరుకు అక్కర్లేని పొయ్యి!

● అణు కేంద్రాలు సముద్రాన్ని ఎందుకు వెతుక్కుంటాయి? రియాక్టరులో పుట్టే వేడిలో మూడో వంతే కరెంటవుతుంది. మిగతా రెండు వంతులు ఎక్కడో వదిలించుకోవాలి. సముద్రమైతే ఎండాకాలంలో ఎండదు. అయితే దానితో పేచీలూ ఉన్నాయి. తమిళనాడు కల్పాక్కం అణు కేంద్రంలో సముద్రం అడుగున తవ్విన అరకిలోమీటరు సొరంగం గుండా నీళ్లు తోడుతారు. ఆ సొరంగం గోడలకు పచ్చ ఆల్చిప్పలు గుంపులుగా అతుక్కుని దారి మూసేస్తుంటే, ఇంజినీర్లు క్లోరిన్ పట్టుకుని వాటితో ఏళ్లుగా పోరాడుతున్నారు. 2025 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని గ్రావెలీన్ కేంద్రంలో జెల్లీఫిష్‌లు నీటి వడపోతల్లో చిక్కుకుని ఏకంగా నాలుగు రియాక్టర్లను ఆపేశాయి. ఉగ్రవాదులకు భయపడి ఎత్తుగా గోడలు కట్టే చోట, ఎముకల్లేని ప్రాణి పని కానిచ్చేసింది.

● 2004 డిసెంబరు 26 సునామీలో కల్పాక్కం పంపుహౌస్‌లోకి సముద్రపు నీళ్లు వచ్చేశాయి. నడుస్తున్న రెండో యూనిట్‌ను క్షేమంగా ఆపారు. వారం తిరిగేసరికి, 2005 జనవరి 2న మళ్లీ నడిపించారు. పక్కనే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు కోసం తవ్విన పునాది గొయ్యి మాత్రం నీటితో నిండిపోయింది.

● 2011లో ఫుకుషిమా దెబ్బతిన్నది ప్రధానంగా కరెంటు పోయి, పంపులు ఆగిపోవడం వల్ల. ఏపీ1000లో ఇలాంటి పరిస్థితి కోసమే నీళ్ల ట్యాంకును రియాక్టరు కట్టడం నెత్తిన పెట్టారు. కరెంటు పోయినా, ఎవరూ మీట నొక్కకపోయినా, నీళ్లు తమంతట తామే దిగి 72 గంటలపాటు వేడిని లాగేస్తాయి. తుపానులు అలవాటైన మన తీరంలో మూడు రోజులు కరెంటు లేకపోవడం ఊహ కాదు. హుద్‌హుద్ తుపానప్పుడు విశాఖవాసులు చూసిందే. నాలుగో రోజుకు ఏర్పాటేమిటని అడగడం తప్పేమీ కాదు.

● ఆంధ్ర తీరానికి రియాక్టరే రాలేదనుకుంటే పొరపాటు. 2009 జులై 26న విశాఖలో జలప్రవేశం చేసిన ఐఎన్‌ఎస్ అరిహంత్ జలాంతర్గామి నడిచేది అణుశక్తితోనే. దాని రియాక్టరు 2013 ఆగస్టులో రగులుకుంది. అలాంటి జలాంతర్గాముల కోసం అనకాపల్లి జిల్లా రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం కడుతున్నారు. పొరుగున అచ్యుతాపురం వైపు భాభా అణు పరిశోధన కేంద్రానికీ ఒక ప్రాంగణం ఉంది. అయితే అలాంటి చోట ఉండే పరిశోధన రియాక్టర్లు ఐసోటోపులు ఇస్తాయి, ప్రయోగాలకు పనికొస్తాయి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో బల్బు వెలిగించడం వాటి పని కాదు.