రోలర్ డెర్బీ – ఛాయాచిత్రము

కదలక నిలిచియున్న కొండను గాని గోపురమును గాని ఛాయాచిత్రమున పట్టుట తేలిక. పరుగెత్తువారిని పట్టుట కష్టము. చక్రముల బూట్లు తొడిగికొని, ఒకరినొకరు ఒరసికొనుచు, త్రోసికొనుచు గిరగిర తిరుగు పదిమందిని పట్టుట మరింత కష్టము. రోలర్ డెర్బీ అను ఆట అట్టిది. దాని నియమములు తెలిసినవారే దాని చిత్రమును సరిగా తీయగలరు.

ఈ ఆట అమెరికాలో పుట్టినది. 1935 ఆగస్టు 13వ తేదీన చికాగో నగరమున లియో సెల్ట్‌జర్ అను వినోద ప్రదర్శనల నిర్వాహకుడు దీనిని ప్రారంభించెను. తొలుత ఇది ఓర్పును పరీక్షించు సుదీర్ఘమైన పందెము. ఒక స్త్రీయు ఒక పురుషుడును జతగా ఏర్పడి, ఆ దేశమును ఒక తీరమునుండి మరియొక తీరమువరకు దాటినంత దూరము ఒకే మందిరమున చుట్లు తిరిగెడివారు. ఆటగాండ్ర రాపిడిని ప్రేక్షకులు మెచ్చుటచే కొన్నియేండ్లకు అదియు ఆటలో భాగమైనది. పోను పోను కల్పించిన తగవులును నటనయు చేరి ఆట గౌరవము తగ్గినది. 1973లో సెల్ట్‌జర్ కుటుంబము నడిపిన సంస్థ మూతపడినది. 2001లో టెక్సాస్ రాష్ట్రమందలి ఆస్టిన్ నగరమున కొందరు స్త్రీలు ఈ ఆటకు మరల ప్రాణము పోసిరి. క్రమముగా నటన తొలగి నిజమైన పోటీ నిలిచినది. నేడు పెక్కు దేశములలో ఆటగత్తెలే సంఘములుగా ఏర్పడి, పగలు తమ ఉద్యోగములు చేసికొని, సాయంకాలములందు అభ్యాసము చేయుచున్నారు.

కోడిగ్రుడ్డు ఆకారముగల బాటపై రెండు జట్లు అపసవ్యముగా తిరుగును. జట్టునకు ఐదుగురు. వారిలో శిరస్త్రాణముపై నక్షత్రపు గుర్తు గలది జామర్. తక్కిన నలుగురు బ్లాకర్లు. చెడుగుడులో కూత పెట్టి ఎదుటి జట్టులోనికి చొచ్చువానివలె, జామర్ ఎదుటి బ్లాకర్ల గుంపును చీల్చుకొని పోవలెను. మొదటి పర్యాయము దాటినందుకు మార్కు లేదు. చుట్టు తిరిగివచ్చి మరల దాటునపుడు, దాటిన ఒక్కొక్క ప్రత్యర్థికి ఒక్కొక్క మార్కు. ఒక్కొక్క విడత రెండు నిమిషములకు మించదు. భుజముతోను, తుంటితోను త్రోయవచ్చును. మోచేతితో పొడుచుటయు, తలపైగాని వీపుపైగాని కొట్టుటయు తప్పు. తప్పు చేసినది ముప్పది సెకనులు బయట కూర్చుండవలెను.

ఇక ఛాయాగ్రాహకుని పని. అతడు మలుపు ఎదుట నిలిచినచో ఆటగత్తెల ముఖములు కనబడును. ఐనను బాటకు దూరముగా నిలువవలెను. ఏలయన త్రోపుడుకు దొర్లినవారు హద్దు దాటి వచ్చెదరు. సెకనుకు 5 మీటర్లు పోవు మనిషి, కెమెరా కన్ను సెకనులో 50వ వంతు తెరచియున్నచో, ఆ లోపల 10 సెంటీమీటర్లు కదలును, బొమ్మ చెదరును. 500వ వంతు మాత్రమే తెరచినచో కదలిక 1 సెంటీమీటరు, బొమ్మ నిలుచును. కాని అంత తక్కువ కాలమున లోపలికి వచ్చు వెలుగు స్వల్పము. మందిరములందు దీపకాంతి చాలదు. కావున కటకపు రంధ్రమును వెడల్పు చేసి, కెమెరా కాంతిగ్రహణశక్తిని హెచ్చింపవలెను. అది హెచ్చినకొలది బొమ్మ గరుకుదేరును. మెరుపుదీపము కన్నులకు మిరుమిట్లు గొలిపి ప్రమాదము తేగలదు. నిర్వాహకుల అనుమతి లేనిదే దానిని వాడరాదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. తూలిపోకుండ చేయి ఎత్తిన ఆటగత్తె, చిత్రమునందు ఎదుటిదాని ముఖముపై మోచేతితో కొట్టుచున్నట్లు కనబడవచ్చును. కెమెరా ఆ క్షణమును కల్పింపలేదు. ఐనను అది చెప్పినది నిజము కాదు. ఆటకు రానివారు పత్రికలో అచ్చైన ఒక్క బొమ్మను చూచి, ఇది స్త్రీల కొట్లాట యని తీర్మానింతురు. తన కుమార్తెను ఆడుటకు పంపదలచిన తల్లి వెనుదీయును. ఏ అపకీర్తినుండి ఆటను బయటికి తెచ్చుటకు ఆ స్త్రీలు పాటుపడిరో, అజాగ్రత్తగా ఎన్నుకొన్న బొమ్మ దానినే మరల తెచ్చిపెట్టును. కావున ఉత్తముడైన ఛాయాగ్రాహకుడు పడిన క్షణముతోపాటు లేచిన క్షణమును చూపును. ముందు వెనుకలు తెలియక అపార్థమునకు తావిచ్చు బొమ్మను ప్రక్కకు పెట్టును.

ఎవరైనను గాయపడినచో ఆట ఆగును. తక్కినవారు ఉన్నచోటనే మోకాలిపై వంగి నిరీక్షింతురు. ఆ వేళ కెమెరాను దించుట మర్యాద. ఆట ముగిసిన పిమ్మట రెండు జట్లవారును వరుసలు తీరి, ఒకరి అరచేతిని ఒకరు తట్టుచు సాగిపోవుదురు. అంతవరకు ఒకరినొకరు పడద్రోసిన స్త్రీలు అప్పుడు నవ్వుచుందురు. త్వరపడి కెమెరాను సంచిలో పెట్టుకొనినవానికి ఆ చిత్రము దక్కదు.