పరుపు మోసిన నలుగురు

వాక్యభాగము: మార్కు సువార్త 2:1–12



ఈ వారం నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి. కొన్ని సంవత్సరాల క్రితం ఒక సహోదరి పదకొండు నెలల బాబును ఎత్తుకొని మా ఇంటికి వచ్చింది. “అయ్యగారూ, బాబు ఇంకా మెడ నిలపడం లేదు, కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతున్నాయి” అని ఏడ్చింది. నేను చేతులుంచి ప్రార్థించాను. “విశ్వాసముతో కనిపెట్టమ్మా” అని పంపించాను. ఆసుపత్రికి వెళ్ళమని చెప్పలేదు. ఆమె నా మాట నమ్మి రెండేళ్ళు కనిపెట్టింది. ఆ తరువాత వైద్యులు చూచి, ఇది సెరిబ్రల్ పాల్సీ అని, ముందే తీసుకొచ్చి ఉండాల్సిందని చెప్పారు.

సెరిబ్రల్ పాల్సీ అంటే ఏమిటి? కడుపులో ఉండగా గాని, కాన్పు సమయంలో గాని, పుట్టిన తొలి రోజులలో గాని, ఎదుగుచున్న మెదడు దెబ్బతినుట వలన కలిగే లోపమిది. నెలలు నిండకుండా పుట్టుట, ప్రాణవాయువు అందకపోవుట, పచ్చకామెర్లు ముదురుట దీనికి కారణాలు కావచ్చు. ఇది అంటువ్యాధి కాదు. మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. అయితే బిగుసుకున్న కండరాలను అలాగే వదిలేస్తే, బిడ్డ ఎదిగేకొద్దీ కీళ్ళు వంకర తిరుగుతాయి. అందుకే ఫిజియోథెరపీ ప్రతిదినం కావాలి. పసి మెదడు త్వరగా నేర్చుకుంటుంది గనుక ఎంత ముందుగా మొదలుపెడితే అంత మేలు. నాలుగు నెలలు దాటినా మెడ నిలపకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చోలేకపోయినా, ఏడాది లోపే ఒక్క చేతినే వాడుతున్నా వైద్యునికి చూపించండి.

శరీరం మాట వినకపోతే బుద్ధి లేదనుకోవద్దు. 1932లో ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరంలో క్రిస్టీ బ్రౌన్ అనే బిడ్డ ఈ లోపముతోనే పుట్టాడు. ఆశ లేదని వైద్యులన్నారు, తల్లి ఒప్పుకోలేదు. ఐదేళ్ళ వయసులో అతడు ఎడమ పాదముతో సుద్దముక్క పట్టుకుంటే, ఆమె నేలమీద అక్షరం వ్రాసి చూపించి, అతనిచేత దిద్దించింది. 1954లో అతడు తన జీవితకథను పుస్తకంగా ప్రచురించాడు. కొందరు పిల్లలకు బుద్ధిమాంద్యం కూడా ఉండవచ్చు. వారూ దేవుని స్వరూపమందు సృజింపబడినవారే.

మన వాక్యభాగంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోశారు. గుంపును చూచి వెనక్కి పోలేదు, ఇంటికప్పు విప్పి దింపారు. ప్రభువు వారి విశ్వాసము చూచెనని వ్రాయబడియున్నది. వారి విశ్వాసానికి భుజాలున్నాయి. మన సంఘంలో ఆ నలుగురు ఏమి చేయగలరు?

మొదటివాడు నింద ఆపాలి. “ఏ పాపం చేసిందో” అని తల్లిని అనకండి. యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు ఆ ప్రశ్న అడిగితే, వాడు గాని వాని కన్నవారు గాని కాదని ప్రభువు తేల్చి చెప్పాడు.

రెండవవాడు వెంట వెళ్ళాలి. కూలి మానుకొని వారం వారం థెరపీకి వెళ్ళే తల్లికి ఆటో ఖర్చు, తోడు మనిషి కావాలి.

మూడవవాడు కాగితాల పని చూడాలి. వికలాంగ ధ్రువపత్రము, నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా, మండలంలోని భవిత కేంద్రము. ఇవి ఉన్నాయని తెలియని కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు. అందులో థెరపీకి కూడా కొంత వస్తుంది.

నాలుగవవాడు ఆ బిడ్డకు సండేస్కూలులో చోటు ఇవ్వాలి.

ఆ బాబుకు ఇప్పుడు పన్నెండేళ్ళు. బరువు పెరిగాడు, తల్లికి నడుము నొప్పి, ఎత్తుకోలేదు. మా యౌవనస్థులు వంతులవారీగా థెరపీకి తీసుకువెళ్తున్నారు. మందిరం మెట్ల ప్రక్కన ర్యాంపు కట్టించాము. అతడు ఇంకా నడవలేదు. అయితే గత క్రిస్మస్‌కు చక్రాల కుర్చీలో గొఱ్ఱెల కాపరిగా వచ్చాడు. తన ఒక్క మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది, సంఘమంతా కనిపెట్టింది.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, మేము ఆలస్యం చేసిన దినములను క్షమించుము. మా వీధిలో ఉన్న బిడ్డను మాకు చూపించుము. మోయుటకు మాకు బలమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.