రేడియో కార్ల పందెం: చవకైన వైర్‌లెస్ హెడ్‌సెట్ ఎంపిక ఎలా?

నైట్రో ఇంధనంతో నడిచే ఎనిమిదో వంతు నమూనా రేడియో కారు ట్యాంకు సాధారణంగా పది నిమిషాలలోపే ఖాళీ అవుతుంది. ఫైనల్ పోటీ అరగంట, అంతకు మించి కూడా సాగుతుంది. డ్రైవరు ఎత్తైన వేదికపై, ఇంధనం నింపే సహాయకుడు కింద పిట్‌లో ఉంటారు. ఇంజిన్ల రొదలో పిలుపు వినిపించకపోతే కారు ట్రాక్‌పైనే ఆగిపోతుంది. హెడ్‌సెట్ అవసరం ఇక్కడే. సుమారు ఐదు నిమిషాల్లో ముగిసే బ్యాటరీ కార్ల పోటీలకు ఆ ఖర్చు దాదాపు అనవసరం.

డ్రైవరు వింటే చాలు

డ్రైవరు రెండు చేతులూ రిమోట్‌పైనే ఉంటాయి. మాట్లాడేందుకు బటన్ నొక్కే వీలుండదు. గొంతు గుర్తించి దానంతటదే పనిచేసే ఏర్పాటు ఇంజిన్ శబ్దానికీ స్పందించవచ్చు. కాబట్టి సహాయకుడు మాట్లాడితే, డ్రైవరు వింటే సరిపోతుంది. ఒక జత చిన్న వాకీటాకీలు, డ్రైవరుకు ఒక చెవి ఇయర్‌ఫోన్ చాలు. రెండో చెవి నిర్వాహకుల ప్రకటనలకు ఖాళీగా ఉండాలి. అంతకన్నా చవకైన మార్గం, ఇయర్‌ఫోన్ తగిలించిన మొబైల్‌లో కాల్. అయితే మాట రవ్వంత ఆలస్యంగా చేరుతుంది.

పౌనఃపున్యమే కీలకం

దేశంలో 446.0–446.2 మెగాహెర్ట్జ్ పరిధిలో, నిర్ణీత శక్తికి లోబడి పనిచేసే సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. అయితే ఆ నమూనాకు టెలికాం శాఖ ఇచ్చే పరికర ఆమోద ధ్రువపత్రం ఉండాలి. ఏ పౌనఃపున్యానికైనా మార్చుకోగల చవక సెట్లతోనే చిక్కు. భిలాయ్ వంటి ఉక్కునగరంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. భారీ పరిశ్రమలు, పోలీసులు, రైల్వేలు తమకు కేటాయించిన పౌనఃపున్యాలపై ఆధారపడతాయి. పందెంలోని మాట అక్కడ చొరబడితే అది ఆటగా మిగలదు.

ఆన్‌లైన్‌లో అమ్మే వాకీటాకీల పౌనఃపున్యం, ధ్రువపత్రం వివరాలు తప్పక చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ వివరాలు లేని సెట్టును కొనకపోవడమే మేలు.

పోటీకి ముందు పరీక్ష

నేటి రిమోట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌పై పనిచేస్తాయి. బ్లూటూత్‌దీ అదే పరిధి. రెండూ చానెళ్లు మారుస్తూ ఉండటంతో సాధారణంగా అడ్డంకి రాదు. అయినా బ్లూటూత్ హెడ్‌సెట్ వాడేవారు దానిని ఆన్‌చేసి కారును ట్రాక్ చివరి వరకు నడిపి చూడాలి. ఇయర్‌ఫోన్ పిన్ను సెట్టుకు సరిపోతుందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. కిలోమీటర్ల దూరం పనిచేస్తుందన్న ప్రకటనకు ఇక్కడ విలువ లేదు. వేదిక నుంచి పిట్ వరకు మాట స్పష్టంగా వినిపించడమే అసలైన కొలమానం.