పాత జీపుకు ఆయిల్ చాంబరు మారుస్తున్నారా?
అనంతపురం రాళ్లబాటల్లో వేరుశనగ మూటలు మోసే పాత జీపుకు రాయి తగిలి ఇంజను కింది ఆయిల్ చాంబరు పగలొచ్చు. ఆయిల్ దీపం వెలిగితే వెంటనే ఇంజను ఆపండి. అలాగే నడిపితే బేరింగులు పట్టేసి, ఖర్చు ఇంజనుదాకా పోతుంది.

షాపుకు పాత చాంబరు వెంట తీసుకెళ్లండి. బోల్టు రంధ్రాలు, లోతు, అడుగు బోల్టు మర సరిపోవాలి. లోతు తగ్గితే లోపలి జాలికి తగులుతుంది. సెకండ్‌హ్యాండుదైతే అంచు వంకర లేనిదే కొనండి.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు; దిమ్మెలు పెట్టండి. పాత ప్యాకింగు గీకేసి, అంచులు తుడిచి, కొత్తది వేయండి. బోల్టులన్నీ చేత్తో పట్టించాక, మధ్యనుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా బిగించండి. అతిగా బిగిస్తే ప్యాకింగు నలిగి మళ్లీ కారుతుంది.

గుర్తుదాకా కొత్త ఆయిల్ పోసి స్టార్టు చేయండి. దీపం ఆరాలి, చుక్క కారకూడదు. పాత ఆయిల్ మాత్రం చేలో, బావి దగ్గర పారబోయకండి.