తాతయ్యకు తెలిసిన మాంత్రికులే!

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఊరేదైనా కంప్యూటర్ ముందు కూర్చున్న మనవడు 'విజార్డ్‌గా ఆడనా, వార్‌లాక్‌గానా?' అంటే తాతయ్య తెల్లమొహం వేస్తారు. నిజానికి వాళ్లు ఆయనకు పాత పరిచయస్తులే!

ఈ ఆటలకు మూలం 1974లో అమెరికాలో వచ్చిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'. 2023 నాటి వీడియోగేమ్ 'బాల్డర్స్ గేట్ 3' కూడా దాని బాటలోనే నడిచింది. ఇందులో విజార్డ్ పుస్తకాలు చదివి మంత్రాలు నేరుస్తాడు. సోర్సరర్‌కు అవి పుట్టుకతోనే వస్తాయి, కాకపోతే తెలిసినవి కొన్నే. క్లెరిక్‌కు దైవం ప్రసాదిస్తుంది. వార్‌లాక్ ఏదో ఒక మహాశక్తితో ఒప్పందం చేసుకుని సంపాదిస్తాడు.

తెనాలివాసి చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి నిర్మించిన విజయావారి సినిమాలనే గుర్తుచేసుకోండి. 'మాయాబజార్'(1957)లో ఘటోత్కచుడిది పుట్టుకతో వచ్చిన మాయ. అంటే సోర్సరర్! 'పాతాళభైరవి'(1951)లో నేపాళ మాంత్రికుడు శక్తికోసం సాహసవంతుడైన యువకుణ్ని బలివ్వబోతాడు. అచ్చం వార్‌లాకే! తీరా తోటరాముడు ఆ మాంత్రికుణ్నే బలిచ్చేస్తాడు. ఆ రెండు పాత్రలూ వేసింది ఎస్వీ రంగారావే.

ఆటలోనైనా కథలోనైనా శక్తి ఎంతుందన్నదే కాదు, ఏమిచ్చి తెచ్చుకున్నారన్నదీ ముఖ్యమే. ఈసారి మనవడు అడిగితే ఆ సంగతి తాతయ్యే చెప్పొచ్చు!