పాలు తెల్లగానే ఉన్నాయి - పొదుగు బాగుందా?

ఆవు బాగానే మేస్తుంది. పాలు తెల్లగానే ఉంటాయి. కానీ రోజురోజుకూ పాలు తగ్గుతూ ఉంటాయి. "ఎవరి దిష్టో తగిలింది" అని మిరపకాయలు దిగదుడుస్తారు. అది దిష్టి కాదు. పొదుగువాపు జబ్బు కావచ్చు.

పేరు పొదుగువాపే. కానీ మొదట్లో వాపు కనపడదు. కంటికి కనపడని సూక్ష్మజీవులు చన్ను రంధ్రంలోంచి లోపలికి పోతాయి. పొదుగులో నాలుగు భాగాలు ఉంటాయి. ఒకదాని పాలు ఇంకొకదానిలోకి పోవు. ఒక చన్ను చెడినా మిగతా మూడూ బాగుండవచ్చు. అందుకే నాలుగు చన్నుల పాలూ వేరువేరుగా చూడాలి. గేదెకైనా ఇంతే.

రోజూ చేసే పరీక్ష

గిన్నె మూతికి నల్లగుడ్డ కట్టండి. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు దాని మీద పిండండి. పలుకులు గానీ, నెత్తురు చార గానీ కనపడితే జబ్బు ఉన్నట్టే.

పదిహేను రోజులకోసారి చేసే పరీక్ష

1. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బుపొడి కలపండి.
2. నాలుగు చిన్న గిన్నెలు పెట్టండి. ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలో రెండు చెంచాలు పిండండి.
3. ప్రతి గిన్నెలో రెండు చెంచాల సబ్బునీళ్లు పోయండి.
4. గిన్నెను గుండ్రంగా అర నిమిషం తిప్పండి.

పలచగా ఉంటే మంచిది. జావలా చిక్కబడితే ఆ చన్నుకు జబ్బు సోకింది.

ఎందుకు చిక్కబడతాయి? జబ్బుతో పోరాడటానికి నెత్తుట్లోని తెల్లకణాలు పొదుగులోకి చేరతాయి. సబ్బు ఆ కణాలను పగలగొడుతుంది. వాటి లోపలి పదార్థం జిగురు అవుతుంది. 1957లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇలాంటి పరీక్షే కనిపెట్టారు.

ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే రోజుల్లోనూ ఈ పరీక్ష చేయకండి. అప్పుడు మంచి పాలు కూడా చిక్కబడవచ్చు.

జబ్బు తెలిస్తే ఏం చేయాలి?

వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి. జబ్బు చన్నును ఆఖరున పితకండి. ఆ పాలు దూడకు పట్టకండి, కేంద్రానికి పోయకండి. దూరంగా గుంటలో పారబోయండి. మందు వాడాక ఎన్ని రోజులు పాలు అమ్మకూడదో డాక్టరును అడగండి.

రోజూ పితికే ముందు చేతులూ, పొదుగూ కడిగి తుడవండి. పితికాక చన్ను రంధ్రం కొంతసేపు తెరుచుకునే ఉంటుంది. అప్పుడు పేడలో పడుకుంటే జబ్బు సోకుతుంది. పితకగానే మేత వేయండి. ఒక అరగంట నిలబడే ఉంటుంది.

ఆలస్యం చేస్తే చన్ను ఎండిపోతుంది. ఆ చన్ను మళ్లీ పాలు ఇవ్వకపోవచ్చు. పాలు తగ్గినా ఆవు మీద తెచ్చిన అప్పు కంతు తగ్గదు. నాలుగు గిన్నెలు, గుప్పెడు సబ్బుపొడి ప్రతి ఇంట్లో ఉన్నవే. ఈ పక్షమే పరీక్ష చేసి చూడండి.