విడాకుల తర్వాత పెన్షన్ ఎవరిది?

పెన్షన్ అనగానే మన హాస్టల్‌లో చాలామందికి గుర్తొచ్చేది నానమ్మకో, తాతయ్యకో నెలనెలా వచ్చే వృద్ధాప్య పెన్షన్. ఉద్యోగం చేసి రిటైరైన వాళ్ళకు వచ్చే పెన్షన్ మన ఇళ్ళలో అరుదు. కానీ ఈ హాస్టల్‌లో చదివి వెళ్ళిన అన్నయ్యలు, అక్కయ్యలు నేడు టీచర్లుగా, కానిస్టేబుళ్ళుగా, క్లర్కులుగా ఉన్నారు. రేపు మనమూ ఉంటాం. కాబట్టి ఇది మనకు అక్కర్లేని విషయమని పేజీ తిప్పేయవద్దని మనవి.

మాకు ఈ ప్రశ్న పుట్టింది మా బంధువుల్లో ఒకామెను చూశాక. భర్త ఒక ఆఫీసులో అటెండరు. పంతొమ్మిదేళ్ళు ఆమె తెల్లవారకముందే లేచి ఆయనకు క్యారేజీ కట్టింది. మంచాన పడ్డ అత్తగారికి చాకిరీ చేసింది. ఆ తర్వాత కోర్టులో విడాకులయ్యాయి. ఆయన రిటైరై పెన్షన్ తీసుకుంటున్నాడు. ఆమె ఒంటరి మహిళల పెన్షన్ కోసం దరఖాస్తు పెట్టుకుంది. తెలంగాణలో 2017లో నెలకు 1,000 రూపాయలతో మొదలై, 2019లో 2,016 రూపాయలైన పెన్షన్ అది. ఆయన పెన్షన్‌లో ఆమె కష్టం ఏమీ లేదా అని మేము అడిగితే, "ఉద్యోగం చేసింది ఆయన కదరా" అన్నారు పెద్దలు.

నిజానికి పెన్షన్ అంటే ఏమిటి? ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకున్న హక్కని 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అది ముసలితనం కోసం దాచిపెట్టిన జీతం లాంటిది. కాపురం చేసిన కాలంలో వచ్చిన జీతంతో ఇద్దరూ బతికారు. మరి అదే కాలంలో దాచిపెట్టిన జీతం ఒక్కరిదే ఎలా అవుతుంది?

పంచడం అంత కష్టమైన లెక్క కాదు. ఒకాయన 25వ ఏట ఉద్యోగంలో చేరి 60వ ఏట రిటైరయ్యాడనుకుందాం. సర్వీసు 35 ఏళ్ళు. పెళ్ళి 30వ ఏట, విడాకులు 50వ ఏట. కాపురం 20 ఏళ్ళు. పెన్షన్ నెలకు 35,000 రూపాయలైతే, అందులో 35కి 20 వంతులు, అంటే 20,000 రూపాయలు కాపురం కాలంలో సంపాదించినవి. అందులో సగం, 10,000 ఆమెవి. మిగిలిన 25,000 ఆయనవి. పెళ్ళికి ముందుదీ, విడాకుల తర్వాతదీ ఎవరూ ముట్టుకోరు. ఆమెకూ ఉద్యోగం ఉండి, కాపురం కాలానికి ఆమె పెన్షన్ 6,000 అనుకుంటే, అందులో 3,000 ఆయనకు పోవాలి. అప్పుడు ఆమె చేతికి అదనంగా వచ్చేది 7,000 మాత్రమే. ఉద్యోగం భార్యది, ఇల్లు చూసుకున్నది భర్త అయినా లెక్క ఇదే.

ఇది మా ఊహ కాదు. పశ్చిమ జర్మనీలో 1977 జూలై 1 నుంచే ఈ పద్ధతి ఉంది. అక్కడి ప్రభుత్వ పెన్షన్‌లో పాయింట్లు ఉంటాయి. సరాసరి జీతం ఉన్న మనిషి ఏడాది పనిచేస్తే ఒక పాయింటు. విడాకులిచ్చేటప్పుడు కోర్టు కాపురం కాలంలోని పాయింట్లు లెక్కించి, సగం అవతలి వాళ్ళ ఖాతాలోకి మారుస్తుంది. మూడేళ్ళు దాటని పెళ్ళిళ్ళలో మాత్రం ఎవరైనా కోరితేనే పంచుతారు. ఒకసారి మారాక ఆ పాయింట్లు ఆమె సొంతం. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నా పోవు.

ఇంగ్లండు ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలుసుకుంది. 1996లో అక్కడ భర్తకు పెన్షన్ వచ్చేటప్పుడు అందులో కొంత భార్యకు కట్టే ఏర్పాటు చేశారు. ఆయన చనిపోతే ఆ డబ్బు ఆగిపోయేది, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆగిపోయేది. ఆ లోటు తెలిశాక 2000 డిసెంబరు 1 నుంచి పెన్షన్‌నే విడగొట్టి ఆమె పేరున పెట్టే అధికారం కోర్టులకు వచ్చింది.

మన దేశంలో ఇలా పంచే చట్టం లేదు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం అడగవచ్చు. భరణం తేల్చేటప్పుడు భర్త ఆదాయం కింద పెన్షన్‌నూ చూస్తారు. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలని 2020 నవంబరు 4న రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బాగానే ఉంది. కానీ భరణం వేరు, వాటా వేరు. భరణం అవసరాన్ని బట్టి ఇచ్చేది, వాటా కష్టాన్ని బట్టి వచ్చేది. పైగా మాజీ భర్త చనిపోతే ఆయన పెన్షన్ ఆగిపోతుంది. ఫ్యామిలీ పెన్షన్ విడాకులు పొందిన భార్యకు రాదు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకొని ఉంటే రెండో ఆమెకు వస్తుంది. ఆమెను మేము తప్పుపట్టడం లేదు, కానీ ఇరవై ఏళ్ళు కాపురం చేసినామెకు సున్నా ఏమిటి? విచిత్రమేమంటే, కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో తల్లిదండ్రులపై ఆధారపడిన విడాకులు పొందిన కుమార్తెకు వారి ఫ్యామిలీ పెన్షన్‌లో చోటుంది. పుట్టింటి పెన్షన్‌లో ఉన్న చోటు కాపురం చేసిన ఇంటి పెన్షన్‌లో లేదు!

2024 జనవరిలో కేంద్రం ఒక మార్పు చేసింది. విడాకుల కేసు నడుస్తున్న మహిళా ఉద్యోగులు, ఫ్యామిలీ పెన్షన్ భర్త కంటే ముందు తమ పిల్లలకు చెందాలని రాసి ఇవ్వవచ్చు. మంచిదే. అయితే ఇది ఉద్యోగం ఉన్న ఆడవాళ్ళకు పనికొచ్చేది.

"ఉద్యోగం చేసింది ఆయన కదా" అనేవాళ్ళకు 2023లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు చూపించాలి. భర్త విదేశంలో సంపాదించగా భార్య ఇల్లు, పిల్లలను చూసుకున్న కేసు అది. ఆమె ఆ పని చేయబట్టే ఆయన సంపాదించగలిగాడని చెప్పి, కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఇచ్చారు. అది విడాకుల కేసు కాదు, ఆస్తి కేసు. అయినా ఆ న్యాయం పెన్షన్‌కు ఎందుకు వర్తించకూడదో మాకు అర్థం కావడం లేదు.

చట్టం వచ్చేదాకా ఏం చేయాలి? మన ఊళ్ళలో చాలా విడాకులు పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీదే అయిపోతున్నాయి. హిందూ వివాహ చట్టం ప్రకారం, కులాచారం ఉందని రుజువైతే తప్ప, ఆ కాగితంతో పెళ్ళి రద్దు కాదు. అలాంటి ఆమె చట్టం దృష్టిలో ఇంకా భార్యే. ఫ్యామిలీ పెన్షన్ అడిగే హక్కు ఆమెకు ఉంటుంది. ఈ సంగతి తెలియక ఎవరూ దరఖాస్తు మానుకోకూడదు. కోర్టుకు వెళ్ళినవాళ్ళు, వీలైతే నెలనెలా భరణానికి బదులు ఒకేసారి మొత్తం అడగవచ్చు. చేతికొచ్చిన డబ్బు ఆయన చనిపోయినా ఆగదు. నెలనెలా అయితే, భర్త ఇల్లు లేదా పొలం మీద ఆ బాకీని నమోదు చేయించమని కోరడానికి 25వ సెక్షన్‌లోనే వీలుంది. లాయరు ఫీజు గురించి భయపడనక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. దరఖాస్తు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో ఇవ్వాలి. మా బంధువు ఆమెకు ఆ దరఖాస్తు మేమే రాసి పెట్టాం.